పుట్టిన చోటు వదిలేసిన నక్షత్రాలు: మూలకాల లెక్క వెనక కథ

హోస్కోటె అనగానే బెంగళూరు తెలుగువాళ్లకు రెండు గుర్తొస్తాయి: తిరుపతి వెళ్లే దారి, తెల్లవారకముందే క్యూలు కట్టే దమ్ బిర్యానీ. అక్కడే భారతీయ ఖగోళ భౌతిక సంస్థ (ఐఐఏ) క్యాంపస్ ఒకటుందని, లదాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల టెలిస్కోపును ఉపగ్రహ లింకుతో అక్కణ్నుంచే నడుపుతారని తెలిసినవాళ్లు తక్కువ. ఆ టెలిస్కోపుకు 2015లో బిగించిన స్పెక్ట్రోగ్రాఫు (వెలుగును రంగులుగా విడదీసి నమోదు చేసే పరికరం) చేసే పనుల్లో ఒకటి, ఏ నక్షత్రంలో ఏ మూలకం ఎంత ఉందో తేల్చడం.

ఈ లెక్క చుట్టూ ఒక పాత తగువు ఉంది. మన గెలాక్సీ పాలపుంతలో నక్షత్రాలు ఎక్కువగా ఉండే పళ్లెం లాంటి భాగం, అంటే డిస్కులోంచి, ఇనుము సమానంగా ఉన్న రెండు నక్షత్రాలను తీసుకుంటే, ఒకదానిలో మెగ్నీషియం రెండోదాని కన్నా బాగా ఎక్కువ ఉండొచ్చు. ఇది అక్కడొకటి ఇక్కడొకటి కనిపించే తేడా కాదు. వేల నక్షత్రాలను గ్రాఫు మీద చుక్కలుగా పెడితే అవి రెండు పాయలుగా విడిపోతాయి, మధ్యలో చుక్కలు పల్చబడతాయి. ఎందుకిలా? పాలపుంతను ఏదైనా వచ్చి ఢీకొట్టిందా, లేక నక్షత్రాలే చోటు మార్చుకున్నాయా? ఇప్పటికీ ఎవరి వాదన వాళ్లది. ఇక్కడిదాకా ఎలా వచ్చామో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

వేడెక్కిన ప్రతి మూలకమూ వెలుగులో తనదైన గీతలు వేస్తుందని 1859లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. దూరంగా ఉన్న నక్షత్రం ఒంట్లో ఏముందో ఇక్కడ కూర్చుని చెప్పొచ్చన్న మాట. తొమ్మిదేళ్లకు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ బందరులో స్పెక్ట్రోస్కోపులు పెట్టుకుని సూర్యుడి అంచున లేచే జ్వాలలను చూశారు. వాటి వెలుగులో ఒక పసుపు గీత ఉంది. అది సోడియం గీతలతో సరిపోలేదు. తర్వాత ఇంగ్లండులో లాకియర్ దాని సంగతి పట్టించుకుని, అది కొత్త మూలకమన్నారు. అదే హీలియం. భూమ్మీద దాన్ని రామ్సే పట్టుకున్నది 1895లో. గుంటూరు, బందరు పిల్లలకు విజ్ఞానశాస్త్రం పాఠం ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలని నా పట్టుదల.

గీత కనబడటం వేరు, మూలకం ఎంతుందో చెప్పడం వేరు. గీత లోతు నక్షత్రం వేడిని బట్టి కూడా మారిపోతుంది. ఆ ముడిని విప్పింది 1920లో మేఘనాద్ సాహా ఇచ్చిన సమీకరణం. దాన్ని పట్టుకునే సిసిలియా పేన్ 1925లో తన థీసిస్‌లో నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనేనని చూపించారు. అప్పటి పెద్దాయన హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నారు. ఆమె ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని థీసిస్‌లో రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్లకు రసెల్ కూడా అదే నిర్ణయానికి వచ్చారు. ఇప్పటి లెక్కలో సూర్యుడి బరువులో దాదాపు 74 శాతం హైడ్రోజన్, 25 శాతం హీలియం. ఇనుము, ఆక్సిజన్, మెగ్నీషియం వగైరా అన్నీ కలిపినా ఒకటిన్నర శాతానికి లోపే. మన తగువంతా ఆ ఒకటిన్నర శాతం గురించే.

అన్ని నక్షత్రాల్లోనూ ఆ ఒకటిన్నర శాతమే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 1951లో చాంబర్లెయిన్, ఆలర్ రెండు నక్షత్రాల వర్ణపటాలు పరీక్షించి, వాటిలో ఇనుము, కాల్షియం సూర్యుడిలో కన్నా బాగా తక్కువని చెప్పడంతో ఆ నమ్మకం కూలింది. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ కలిసి, బరువైన మూలకాలు నక్షత్రాల కడుపులోనే వండబడతాయని వివరంగా రాశారు. అంటే ముందు పుట్టినవాటిలో తక్కువ, తర్వాత పుట్టినవాటిలో ఎక్కువ ఉండాలి. 1962లో ఎగ్గెన్, లిండెన్‌బెల్, శాండేజ్ దీనికి కదలికను జోడించారు. ఇనుము తక్కువున్న నక్షత్రాలు కోలగా, అడ్డదిడ్డంగా తిరుగుతున్నాయి. ఎక్కువున్నవి డిస్కులో బుద్ధిగా గుండ్రంగా తిరుగుతున్నాయి. మూలకాల లెక్క గెలాక్సీ చరిత్ర చెప్పగలదని అందరికీ నమ్మకం కుదిరింది ఆ వ్యాసంతోనే.

ఒక్క ఇనుముతో మాత్రం కథ పూర్తి కాదు. ఆక్సిజన్, మెగ్నీషియం, సిలికాన్ ప్రధానంగా భారీ నక్షత్రాలు పేలినప్పుడు బయటికొస్తాయి. భారీ నక్షత్రానికి ఆయుష్షు తక్కువ, కొన్ని కోట్ల సంవత్సరాల్లోపే పని అయిపోతుంది. ఇనుములో పెద్ద వాటా వచ్చేది వేరే రకం పేలుడు నుంచి. జంటలో ఉన్న తెల్లమరుగుజ్జు నక్షత్రం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) పేలాలి. దానికి పదుల కోట్ల నుంచి వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది. కాబట్టి ఒక చోట నక్షత్రాలు గబగబా పుట్టేస్తే, ఆలస్యంగా వచ్చే ఇనుము కలవకముందే అవి తయారైపోతాయి, ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువగా ఉండిపోతుంది. నిదానంగా పుడితే ఆ నిష్పత్తి తగ్గుతుంది. పాత నక్షత్రాల్లో మెగ్నీషియం లాంటివి పైచేయిగా ఉండటాన్ని వాలర్‌స్టైన్ 1962లోనే గమనించారు. ఈ ఆలస్యమే దానికి కారణమని 1979లో బియాట్రిస్ టిన్స్లీ తేటగా రాశారు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అతి తెలివైన ఆలోచన ఇదే. రెండు గీతలను పోల్చి, అక్కడ నక్షత్రాలు ఎంత వేగంగా పుట్టాయో చెప్పేయడం!

1983లో గిల్‌మోర్, రీడ్ డిస్కుకు అడ్డంగా పైకి నక్షత్రాలను లెక్కబెట్టారు. పల్చటి డిస్కు ఒక్కటే ఉంటే పైకి వెళ్లే కొద్దీ సంఖ్య చప్పున పడిపోవాలి. అలా పడలేదు. వేల కాంతి సంవత్సరాల ఎత్తుదాకా పరుచుకున్న మరో పొర, మందపాటి డిస్కు, ఉందన్నారు. మరి ఈ రెండు డిస్కుల నక్షత్రాల్లో మూలకాలు కూడా వేరా?

ఈ ప్రశ్న దగ్గర బెంగళూరు కథలోకి వస్తుంది. ఐఐఏని నిలబెట్టిన వైను బప్పు పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో. తండ్రి అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. తమిళనాడులోని జవ్వాది కొండల్లో, కావలూరులో, ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు ఆయన పోయాక 1986లో మొదలైంది. దానికి తర్వాత ఎన్. కామేశ్వరరావు బృందం నక్షత్రాల వెలుగును బాగా విడదీసే స్పెక్ట్రోమీటరు కట్టింది. అదే సంస్థకు చెందిన బి. ఈశ్వర్ రెడ్డి టెక్సస్‌లోని లాంబర్ట్ తదితరులతో కలిసి, అక్కడి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ వర్ణపటాలతో చేసిన పని ఈ రంగంలో అందరూ ఉదహరించేది. 2003లో 181 నక్షత్రాల్లో 27 మూలకాలు లెక్కగట్టారు. దాదాపు అన్నీ పల్చటి డిస్కువి. 2006లో మందపాటి డిస్కువి కావచ్చనుకున్న 176 నక్షత్రాలు తీసుకుని 23 మూలకాలు లెక్కగట్టారు. వాటిలో గట్టిగా మందపాటి డిస్కువని చెప్పగలిగినవి 95. పక్కపక్కన పెడితే తేడా స్పష్టం. సూర్యుడిలో ఉన్న ఇనుములో నాలుగో వంతే ఉన్న నక్షత్రాల దగ్గర చూస్తే, మందపాటి డిస్కులో మెగ్నీషియం-ఇనుము నిష్పత్తి సూర్యుడి కన్నా సుమారు రెట్టింపు, పల్చటి డిస్కులో కాస్తే ఎక్కువ.

ఆ లెక్క ఎంత ఓపిక పనో చెప్పాలి. తెర మీద వర్ణపటం అంటే రంగుల పట్టీ కాదు, గుంటలు పడ్డ ఒక గీత. 5,167, 5,173, 5,184 ఆంగ్‌స్ట్రాముల (వెలుగు తరంగదైర్ఘ్యానికి కొలత) దగ్గర మెగ్నీషియం మూడు లోతైన గుంటలు తవ్వుతుంది. కొత్తవాళ్ల కన్ను వాటి మీదే పడుతుంది. కానీ అవి లెక్కకు అంతగా పనికిరావు, అంత లోతు గుంటలో మెగ్నీషియం ఇంకా పెరిగినా ఆ స్థాయిలో మార్పు కనబడదు. అందుకే 5,711 దగ్గరుండే సన్నటి గుంటను వెతికి కొలుస్తారు. పైగా నక్షత్రం ఉష్ణోగ్రత 100 డిగ్రీలు తప్పుగా తీసుకుంటే ఇనుము లెక్క సుమారు పదిహేను శాతం తప్పిపోతుంది. ఒక్కో నక్షత్రానికి ఇలాంటి గుంటలు పదుల కొద్దీ.

ఇక చోటు సంగతి. 1971లో లెనార్డ్ సెర్ల్ ఇతర సర్పిల గెలాక్సీల్లో మెరిసే వాయు మేఘాలను చూసి, కేంద్రం నుంచి బయటికి వెళ్లే కొద్దీ మూలకాల పాళ్లు మారుతున్నాయన్నారు. పాలపుంతలోనూ అంతే. సూర్యుడి చుట్టుపక్కల, బయటివైపు ప్రతి 3,260 కాంతి సంవత్సరాలకు ఇనుము పది పదిహేను శాతం తగ్గుతుంది. లోపలి భాగాల్లో నక్షత్రాలు ముందుగా, దట్టంగా పుట్టాయి కాబట్టి ఇది సబబే. ఇబ్బంది ఎక్కడంటే, సూర్యుడి దగ్గర ఒకే వయసున్న నక్షత్రాలను తీసుకున్నా ఇనుములో పెద్ద తేడాలున్నాయి. 1993లో ఎడ్వర్డ్‌సన్ బృందం 189 నక్షత్రాలతో ఇది చూపించింది. ఒకే చోట, ఒకే కాలంలో పుట్టినవాటికి ఇంత తేడా ఎలా?

చాలావరకు అక్కడ పుట్టలేదు గనక. డిస్కులోని సర్పిల భుజాలు నక్షత్రాన్ని దాని కక్ష్య గుండ్రతనం పెద్దగా చెడకుండానే లోపలికో బయటికో జరపగలవని 2002లో సెల్‌వుడ్, బిన్నీ చూపించారు. కదలిక చూస్తే స్థానికుడే అనిపిస్తుంది. మూలకాలు మాత్రం అసలు సంగతి చెప్పేస్తాయి, బెంగళూరు మారతహళ్లిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాడు నోరు విప్పగానే చిత్తూరో శ్రీకాకుళమో యాసలో తెలిసిపోయినట్టు. సూర్యుడు కూడా ఇప్పుడున్న చోటి కన్నా లోపల పుట్టి ఇటు వచ్చాడనే వాదన బలంగానే ఉంది. నాకు అది నమ్మదగ్గదిగానే తోస్తుంది.

ఆ తర్వాత లెక్క వందల నుంచి లక్షలకు పోయింది. 2013 డిసెంబరులో నక్షత్రాల చోటు, కదలిక కొలిచే గయా ఉపగ్రహం వెళ్లింది, ఈలోగా నేల మీది సర్వేలు వర్ణపటాలు కుప్పలుగా పోశాయి. 2015లో అలాంటి సర్వేల్లో ఒకటైన అపోజీ నుంచి 69,919 ఎర్ర జెయింట్ (వయసు మీరి ఉబ్బిన) నక్షత్రాలతో హేడెన్ బృందం డిస్కు అంతటి పటం వేసింది. మెగ్నీషియం పైచేయిగా ఉన్న పాయ లోపలి డిస్కులోనే నిండుగా ఉంది, బయటివైపు దాదాపు మాయమైంది. 2018లో గయా సమాచారంతో రెండు బృందాలు, సుమారు 1,000 కోట్ల సంవత్సరాల కిందట ఒక చిన్న గెలాక్సీ పాలపుంతలో కలిసిపోయిందని తేల్చాయి. దొంగ దొరికాడు, మందపాటి డిస్కును లేపింది అదేనని చాలామంది సంబరపడ్డారు. 2022లో షియాంగ్, రిక్స్ దాదాపు 2.5 లక్షల నక్షత్రాల వయసులు కట్టి, మందపాటి డిస్కు సుమారు 1,300 కోట్ల సంవత్సరాల కిందటే, ఆ కలయిక పూర్తవడానికి (వీళ్ల లెక్కలో అది సుమారు 1,100 కోట్ల సంవత్సరాల కిందట) 200 కోట్ల సంవత్సరాల ముందే, మొదలైందని చూపడంతో కథ మళ్లీ మెలిక తిరిగింది. ఢీకొనడం కొత్త నక్షత్రాల పుట్టుకను ఎగదోసి ఉండొచ్చు గానీ, మొదలుపెట్టింది అది కాదన్నమాట.

పాలపుంతొక్కటే ఇలా ఉందా అన్న సందేహానికీ కొంత జవాబు దొరికింది. 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మనకు అంచు వైపుగా కనబడే యూజీసీ 10738 అనే గెలాక్సీలోనూ మెగ్నీషియం లాంటివి పైచేయిగా ఉన్న మందపాటి డిస్కు, అలా లేని పల్చటి డిస్కు ఉన్నాయని 2021లో తెలిసింది. అక్కడ విడివిడి నక్షత్రాలను చూడలేం, కలగలిసిన వెలుగే దిక్కు. అయినా పోలిక బాగా కుదిరింది. డిస్కు గెలాక్సీల్లో ఇది మామూలేనైతే, ఒక ప్రత్యేకమైన ఢీతో వివరించే వాళ్లకు కష్టమే.

ఇప్పుడు ఇరుక్కున్నది వయసుల దగ్గర. చాలా నక్షత్రాల వయసులో ఇరవై ముప్పై శాతం తేడా రావచ్చు. 1,000 కోట్ల సంవత్సరాల నక్షత్రానికి అది 200 నుంచి 300 కోట్లు. మందపాటి డిస్కు కథలో ఎక్కువ భాగం అంత వ్యవధిలోనే జరిగిపోయి ఉండొచ్చు. షియాంగ్, రిక్స్ ఎంచుకున్న సబ్‌జెయింట్ల (జెయింట్‌గా ఉబ్బడం అప్పుడే మొదలైన నక్షత్రాల) వయసు బాగా తెలుస్తుంది, కానీ ఆ దశ నక్షత్రం జీవితంలో కొద్దికాలమే. హాన్లే లాంటి 2 మీటర్ల టెలిస్కోపుతో లక్షల లెక్క పెట్టడం కుదరదు. సర్వేల్లో తేడాగా కనిపించిన నక్షత్రాన్ని ఒక్కొక్కటిగా తీసుకుని, దాని గుంటలను మళ్లీ జాగ్రత్తగా కొలవడం కుదురుతుంది. హోస్కోటెలో రాత్రి డ్యూటీ చేసేవాళ్ల పనిలో అదొక భాగం.