ఒంటరి గది, నెల జీతం: పొదుపు గురించి నేను రోజూ వినే అపోహలు

నెలలో 20వ తారీఖు దాటిందంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళు పెరుగుతారు. నేను ఒక బ్యాంకు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలో కౌన్సెలర్‌ని. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్, అమీర్‌పేట చుట్టుపక్కల గదుల్లో ఒక్కరే ఉంటూ ఉద్యోగం చేసుకునే పిల్లలు. ఖమ్మం నుంచి, గుంటూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు. జీతం పాతిక వేలో, ముప్పై వేలో ఉంటుంది. "ఎటు పోతోందో తెలియడం లేదండీ" అంటూ మొదలుపెడతారు.

నేను ముందు ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తెరవమంటాను. రాత్రి 9 దాటాక పంపిన డబ్బులన్నీ ఒక కాగితం మీద రాయమంటాను. పది నిమిషాల్లో సగం జవాబు వాళ్ళకే దొరుకుతుంది. అలసిపోయి గదికి వచ్చాక అన్నం పెట్టేవాళ్ళు లేరు, వద్దనేవాళ్ళు కూడా లేరు. ఒంటరిగా ఉండేవాళ్ళ ఖర్చుకు ఇదే అసలు మూలం. దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అని తిట్టడం నాకు నచ్చదు. అలసిన వేళ ఎవరికైనా నిర్ణయం తీసుకునే ఓపిక ఉండదు. కాబట్టి ఆ వేళకు తీసుకోవాల్సిన నిర్ణయం ఏమీ మిగలకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి. కింద చెప్పేవన్నీ ఆ ఏర్పాట్ల గురించే.

అపోహ: ఖర్చులన్నీ పోగా నెలాఖరుకు మిగిలింది దాచుకుంటాను.

ఇన్నేళ్ళలో అలా మిగిల్చినవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనిపించారు. ఖాతాలో డబ్బు కనిపిస్తున్నంతసేపూ అది ఖర్చుకు ఉన్న డబ్బులాగే అనిపిస్తుంది. మన అమ్మలు పోపుల డబ్బాలో దాచింది ఎందుకంటే, అది పర్సులో ఉండదు కాబట్టి, చేయి వెంటనే అటు వెళ్ళదు కాబట్టి.

ఇప్పుడు ఆ డబ్బా పని చేసేది రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ), అంటే నెలనెలా ఒకే మొత్తం జమ చేసే ఖాతా. జీతం 1న పడితే 2న ఆర్డీకి డబ్బు దానంతట అదే వెళ్ళేలా పెట్టుకోండి. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో కూడా ఆర్డీ మొదలుపెట్టవచ్చు. కానీ దాని గడువు ఐదేళ్ళు. మధ్యలో అవసరం పడే వయసులో ఉన్నవాళ్ళకు నేను బ్యాంకులో ఏడాది ఆర్డీ చెబుతాను. ముందే తీసుకుంటే వడ్డీ కొంత తగ్గుతుంది తప్ప కట్టిన అసలు పోదు.

చాలామంది ఉత్సాహంతో మొదటి నెలే 8 వేలు పెట్టి, రెండో నెల 15వ తారీఖుకల్లా రద్దు చేస్తారు. దాంతో "నా వల్ల కాదు" అన్న భయం పట్టుకుంటుంది. పాతిక వేల జీతానికి 1,500తో మొదలుపెట్టండి. ఆరు నెలలు ఆగకుండా నడిచాక పెంచండి. ఇంకో మాట. దాచే డబ్బు ఉన్న ఖాతాను యూపీఐకి లింక్ చేయకండి. నేను చెప్పే సలహాల్లో అన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది ఇదే.

అపోహ: రోజూ తాగే చాయ్ మానేస్తే చాలు.

15 రూపాయల చాయ్ రోజుకు రెండు తాగితే నెలకు 900. అది చిన్న మొత్తం అనను. కానీ ఆఫీసు బయట నలుగురితో నిలబడి తాగే ఆ చాయ్, ఒంటరిగా ఉండే మనిషికి రోజులో ఉన్న ఒక్క కబుర్ల సమయం కావచ్చు. దాన్ని కోసేముందు అద్దె, ప్రయాణం చూడండి.

అద్దెను, ప్రయాణాన్ని విడివిడిగా లెక్కేయడం నేను చూసే పెద్ద పొరపాటు. అద్దె 1,500 తక్కువని ఆఫీసుకు ఇంకో 15 కిలోమీటర్ల దూరంలో గది తీసుకుంటారు. రానుపోను రోజుకు 30 కిలోమీటర్లు ఎక్కువ, నెలకు 25 రోజులంటే 750 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి దాదాపు 17 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయలు వేసుకున్నా దాదాపు 1,800 అయింది. మిగిలిందేమీ లేకపోగా ఎదురు 300 పోయాయి. బండి సర్వీసింగు, ట్రాఫిక్‌లో పోయే గంటన్నర ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ గంటన్నర అలసటే రాత్రి 9 గంటలకు యాప్‌లో భోజనం ఆర్డర్ పెట్టిస్తుంది.

ఆడపిల్లలకు ఈ లెక్క మారుతుంది. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్రా నుంచి వచ్చి ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా ఆధార్‌లో పాత అడ్రసే ఉన్నవాళ్ళు చాలామంది నా దగ్గరికి వస్తారు. వాళ్ళు నెలనెలా టికెట్లు కొంటూనే ఉన్నారు.

అపోహ: బయట తింటేనే ఖర్చు, వండుకుంటే ఎప్పుడూ చవకే.

నలుగురున్న ఇంటికి ఇది నిజం. ఒక్కరికి పూర్తిగా నిజం కాదు. ఒక్కరే ఉండి 26 కిలోల సోనామసూరి బస్తా తెచ్చుకుంటారు. (25 కాకుండా 26 కిలోల బస్తాలు ఎందుకొచ్చాయో తెలుసా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. అందుకే మిల్లులు ఒక కిలో పెంచాయి.) రోజుకు ఒక పూట వండుకునే మనిషికి నెలకు ఐదు కిలోలు కూడా పట్టవు. నాలుగో నెలకు పురుగు పడుతుంది. బస్తా కొన్నందుకు కిలో మీద మిగిలిన మూడు రూపాయలు అక్కడే పోతాయి. కొత్తిమీర కట్ట, సొరకాయ, అర కిలో వంకాయలు ఫ్రిజ్‌లో వాడిపోతూ కనిపిస్తే "నేను వంటకు పనికిరాను" అనుకుని మళ్ళీ యాప్ తెరుస్తారు.

నేను చెప్పే పద్ధతి ఇది. అన్నం గదిలో, కూర కర్రీ పాయింట్‌లో. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌లో గ్లాసు బియ్యం పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. 150 గ్రాముల బియ్యం, కిలో 60 రూపాయలు వేసుకున్నా 9 రూపాయలు. ఒక కూరో పప్పో ప్యాకెట్ తెచ్చుకుంటే రెండు పూటలు వస్తుంది. అర లీటరు పాలు కాచి రాత్రి తోడు వేసుకుంటే పెరుగు కొనక్కర్లేదు. ఇంటినుంచి వచ్చిన ఆవకాయ, కందిపొడి ఉంటే వారంలో రెండు రోజులు కూర కూడా అక్కర్లేదు. కూరగాయలు కొనాలనుకుంటే ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మెహదీపట్నం రైతుబజార్లకు ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. కానీ మూడు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

యాప్‌లో ఆర్డర్ పెట్టడం తప్పని నేను అనను. జ్వరం వచ్చిన రోజు అదే దిక్కు. అయితే బిల్లులో చివరి అంకె మాత్రమే చూడకుండా ఒక్కసారి పైనుంచి కిందిదాకా చదవండి: ప్యాకింగ్, ప్లాట్‌ఫారం ఫీజు, డెలివరీ, జీఎస్టీ. అదే హోటల్‌కు నడిచి వెళ్తే అదే ఇడ్లీ ధర ఎంతో కూడా చూడండి. చాలాచోట్ల రేటు పట్టికే వేరుగా ఉంటుంది.

అపోహ: ఛార్జర్ ప్లగ్ తీసేస్తే కరెంటు బిల్లు తగ్గుతుంది.

ఫోన్ లేకుండా ఊరికే ప్లగ్‌లో ఉన్న ఛార్జర్ నెలంతా కలిపినా పావు యూనిట్ కూడా కాల్చదు. భద్రత కోసం తీస్తే మంచిదే, బిల్లు కోసం మాత్రం దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. 2,000 వాట్ల గీజర్ అరగంటలో ఒక యూనిట్ తాగుతుంది. స్విచ్ వేసి ఫోన్ చూస్తూ కూర్చుంటే పోయేది అక్కడ. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్ల తేడా.

అసలు తెలుసుకోవాల్సింది శ్లాబుల సంగతి, అంటే యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్ల సంగతి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం 200 యూనిట్లు వాడితే ఎనర్జీ ఛార్జీ (వాడిన కరెంటుకు పడేది) 820 రూపాయలు: మొదటి 100కు 3.40 చొప్పున, తర్వాతి 100కు 4.80 చొప్పున. 201వ యూనిట్ కాలితే మొదటి 200కు కూడా రేటు 5.10 అయిపోతుంది. 201వ యూనిట్‌కు పడే 7.70 కూడా కలిపితే మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు! డాబా మీద కట్టిన పెంట్‌హౌస్ గదుల్లో ఉండేవాళ్ళు ఇక్కడే నష్టపోతారు. మీ గదికీ పక్క పోర్షన్‌కీ ఒకే మీటరు ఉంటే, ఇద్దరూ పొదుపుగా వాడినా కలిపి 200 దాటుతుంది. గది చూడ్డానికి వెళ్ళినప్పుడు నీళ్ళ గురించి అడిగినట్టే "మీటరు విడిగా ఉందా అంకుల్, యూనిట్‌కు ఎంత తీసుకుంటారు?" అని ఓనర్‌ని అడగండి. అడగడానికి మొహమాటపడి ఏడాది పొడవునా కట్టినవాళ్ళను చూశాను.

అపోహ: క్రెడిట్ కార్డుకు మినిమమ్ డ్యూ కడుతున్నాను, కాబట్టి నాకు అప్పు లేదు.

ఇది విన్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టు అవుతుంది. 20,000 బాకీ ఉందనుకోండి. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సింది, 5 శాతం అనుకుంటే 1,000 కట్టారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అయితే 700, దానిమీద 18 శాతం జీఎస్టీ 126. కట్టిన వెయ్యిలో అసలుకు చేరింది 174 రూపాయలు. పైగా బాకీ మొత్తం తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. కూరగాయలు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ.

ఆ స్థితిలో ఉంటే ముందు కార్డును పర్సులోంచి, యాప్‌లలోంచి తీసేయండి. ఆర్డీలో ఉన్నది తీసి అయినా కార్డు బాకీ కట్టేయండి. ఆరేడు శాతం వడ్డీ తెచ్చే డబ్బును ఉంచుకుని నలభై శాతం వడ్డీ కట్టడంలో అర్థం లేదు. నో కాస్ట్ ఈఎంఐలో, అంటే వడ్డీ లేదని చెప్పి ఇచ్చే నెలవారీ వాయిదాల్లో కూడా వడ్డీ ఉంటుంది. దానికి సమానమైన డిస్కౌంటు ముందే చూపిస్తారు, కానీ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి.

అపోహ: తెలిసినవాళ్ళ దగ్గర చీటీ వేస్తున్నాను, అదే నా పొదుపు.

చీటీ చెడ్డది కాదు. మన ఊళ్ళలో ఎన్నో పెళ్ళిళ్ళు, ఎన్నో ఇళ్ళు చీటీలతోనే అయ్యాయి. కానీ 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ కాని చీటీలో, నడిపే మనిషి రాత్రికి రాత్రి వెళ్ళిపోతే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు. రిజిస్టర్ అయిన చీటీలో నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదు. ఆ లెక్క కూడా వేసుకుని చూడండి. బ్యాంకు డిపాజిట్‌కైతే ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు ఇన్సూరెన్స్ ఉంది. మీ అత్యవసరం డబ్బు మాత్రం చీటీలో పెట్టకండి.

అపోహ: ఇంటికి పంపాలి, పండక్కి వెళ్ళాలి, నాకు పొదుపు ఎలా కుదురుతుంది?

ఇంటికి పంపడం పొదుపుకు అడ్డు కాదు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఎంతో కొంత పంపడం అడ్డు. ఒక మొత్తం అనుకుని ప్రతినెలా 3న పంపండి. "నాన్నా, ఇంతవరకు పంపగలను, అత్యవసరమైతే చెప్పు" అని ఒక్కసారి చెప్పగలిగితే, చాలామంది తల్లిదండ్రులు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. సంక్రాంతి ప్రయాణం సంగతైతే, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. జనవరి 10న బయల్దేరాలంటే నవంబరు 11 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. ఆ తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. పండగ వారంలో ప్రైవేటు బస్సుకు పెట్టేది చాలాసార్లు రెండు నెలల ఆర్డీ అంత అవుతుంది.

అపోహ: ఒక్కడినే కదా, అత్యవసర నిధి ఎందుకు?

ఒక్కరే కాబట్టే ఎక్కువ కావాలి. డెంగీ వచ్చి వారం పడుకుంటే ఆటోకు, మందులకు, కొబ్బరినీళ్ళకు అన్నిటికీ డబ్బే పరుగెత్తాలి. ఇంట్లో ఇంకో జీతం లేదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. అందుకే వయసులో ఉండగానే సొంత పాలసీ ఒకటి తీసుకోమంటాను.

ఎంత ఉండాలి? అద్దె 7,000, తిండి 5,000, ప్రయాణం 1,500, ఫోను కరెంటు 1,000, ఇంటికి 4,000 అనుకుంటే నెలకు 18,500. మూడు నెలలకు 55,500. ఈ అంకె చెప్పగానే ఎదుట కూర్చున్న పిల్లల ముఖం వాడిపోతుంది. అప్పుడు నేను ఆ అంకె కొట్టేసి కాగితం మీద 10,000 అని రాస్తాను. నెలకు 1,500 చొప్పున ఏడో నెలకు అది చేతిలో ఉంటుంది. ఓ నెల ఓనర్ తొందరపెట్టినా, ఫోన్ పగిలినా, ఊళ్ళో అమ్మకు బాగాలేదని కబురు వచ్చినా ఎవరినీ అప్పు అడగకుండా గడిచిపోతుంది. ఆ పదివేలు అయ్యాక మళ్ళీ రమ్మంటాను, మిగతా లెక్క అప్పుడు వేసుకుంటాం.