షుగర్, థైరాయిడ్ ఉంటే పప్పు మానేయాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో నా దగ్గరికి తెనాలి వైపు నుంచి ఒకావిడ వస్తుంటారు. టైప్ 2 షుగర్ ఉంది, థైరాయిడ్ కూడా తక్కువే. ఈసారి వచ్చేసరికి బాగా నీరసించిపోయారు. మూడు నెలలుగా పప్పు, గుడ్డు, పెరుగు మానేసి చారన్నంతో గడిపేస్తున్నారట. "అమైనో ఆమ్లాలు పెరిగితే షుగర్ ముదురుతుందట కదండీ, ఫోన్లో చూశాను" అన్నారు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. నాకు చాలా బాధేసింది.

అపోహ: పప్పు, గుడ్లు తింటే అమైనో ఆమ్లాలు పెరిగి షుగర్ ఎక్కువవుతుంది.

పప్పు, గుడ్డులోని ప్రొటీన్ అరిగితే వచ్చే చిన్న ముక్కలే అమైనో ఆమ్లాలు. ఆవిడ విన్నదాంట్లో కొంత నిజం ఉంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి వాసుల మీద జరిగిన పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్ అనే ఐదు అమైనో ఆమ్లాలు, తర్వాత షుగర్ వచ్చినవాళ్ల రక్తంలో, అది బయటపడడానికి ఏళ్ల ముందే ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది. కానీ ఆ తప్పు కంచంలోని పప్పుది కాదు. కండ కరిగిపోకుండా చూసేది ఇన్సులిన్. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు, ల్యూసిన్ లాంటివాటిని కాలేయం, కొవ్వు కణాలు ఖర్చు చేయడం మందగిస్తుంది. అందుకే అవి రక్తంలో పేరుకుంటాయి. పప్పు తీసేసి ఆ చోట అన్నం పెంచితే షుగర్ పెరుగుతుంది, కండ తగ్గుతుంది. ఆవిడకు జరిగింది ఇదే.

60 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. వండకముందు తూచిన 30 గ్రాముల కందిపప్పులోనూ దాదాపు అంతే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క డాక్టరుతోనే వేయించుకోవాలి.

అపోహ: టైరోసిన్ పౌడర్ తాగితే థైరాయిడ్ మాత్ర అక్కర్లేదు.

థైరాయిడ్ హార్మోన్ తయారయ్యేది టైరోసిన్, అయోడిన్‌లతోనే, నిజమే. కానీ చాలామందిలో దెబ్బతిన్నది ఆ హార్మోన్‌ను తయారుచేసే థైరాయిడ్ గ్రంథే. మేస్త్రీ మంచాన పడ్డాక ఎన్ని ఇటుకలు దింపినా గోడ లేవదు. దయచేసి మాత్ర ఆపకండి.

అపోహ: షుగర్ వేరు, థైరాయిడ్ వేరు.

థైరాయిడ్ ఎక్కువైతే కండ కరుగుతుంది. అందులోంచి వచ్చే అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని కాలేయం గ్లూకోజ్‌గా మారుస్తుంది. మనిషి చిక్కిపోతుంటే షుగర్ మాత్రం పెరుగుతుంది. అలాంటప్పుడు షుగర్ మందు పెంచేముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించమంటాను. థైరాయిడ్ తక్కువైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చు. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక షుగర్ మందు డోసు మార్చాల్సి రావచ్చు, అందుకే మొదటి వారాల్లో ఇంట్లో షుగర్ చూసుకోమని చెబుతాను.

జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపితే మంచిది.

ఇక థైరాయిడ్ మాత్ర వేసుకునే తీరు. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఆగి, అప్పుడు కాఫీ. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే 4 గంటల ఎడం ఉండాలి.