చినతాత మాత్రలు, మేష్టారి సెలైన్లు

బొబ్బిలి

అమ్ములూ, చంటీ,

మొన్న ఫోన్‌లో మీరడిగినదానికి జవాబు చెప్పలేక "అన్నం తిన్నారా" అని మాట మార్చేశాను. చినతాతకీ లింఫోమా అనే క్యాన్సరే, మాతో పాటు లెక్కలు చెప్పిన మేష్టారికీ లింఫోమాయే. మేష్టారు పోయారు. చినతాత నిన్న కూడా సంతలో పనసకాయకి గంటసేపు బేరమాడి తెచ్చాడు. ఎందుకలా అన్నారు కదా.

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటుంది మీ బామ్మ. అదే లింఫ్ గ్రంథి. రోగాలతో పోరాడే తెల్లకణాలు అందులో ఉంటాయి. అవి అదుపు తప్పి పెరిగితే లింఫోమా. ఈ కణాలు బిళ్ళల్లోనే కూర్చోవు, ఒళ్ళంతా తిరుగుతాయి. అందుకే జబ్బు పొట్టలోనో, చర్మంలోనో, మెదడులోనో కూడా మొదలవ్వచ్చు.

చినతాతది పొట్టలో వచ్చే నెమ్మది రకం, మాల్ట్ లింఫోమా. దీని వెనక చాలాసార్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉంటుంది. అది పొట్టలో తిష్ఠ వేస్తే, తరమడానికి వచ్చిన కణాలు ఏళ్ళ తరబడి రెచ్చిపోతూనే ఉంటాయి. తొలి దశలో బాక్టీరియాని చంపేస్తే చాలామందిలో గడ్డ దానంతటదే కరుగుతుంది. ఈ బాక్టీరియా పొట్టని పాడుచేస్తుందని ఎవరూ నమ్మకపోతే, బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు! 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. (మీరు మాత్రం అలాంటి ప్రయోగాలు పెట్టుకోకండి.) చినతాతకి ఇచ్చింది 14 రోజుల మాత్రలు. స్టీలు డబ్బాలో పోసుకుని, పొద్దున్నే లెక్కపెట్టి మింగేవాడు. క్యాన్సర్‌కి యాంటీబయాటిక్సేమిటని నేనే నమ్మలేదు.

మేష్టారిది వేగంగా పెరిగే రకం. అదే రకం బిళ్ళల్లో మొదలైతే సగానికి పైగా మందికి నయమవుతుంది. ఆయనకి మెదడులో మొదలైంది. మన చేనుకి కాలువ నీళ్ళు వదిలితే అన్ని మళ్ళూ తడుస్తాయి, గట్టు ఎత్తుగా ఉన్న మడి ఎండిపోతుంది. మెదడు చుట్టూ రక్తనాళాల్లో అలాంటి గట్టుంది. విషాల్ని ఆపడానికి ఉన్న గట్టు మందుల్నీ ఆపేస్తుంది. గట్టు దాటాలంటే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు చాలా ఎక్కువ మోతాదులో ఎక్కించాలి, కిడ్నీలు పాడవకుండా సెలైన్ బాటిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి. డెబ్బై దాటిన ఒంటికి అది తట్టుకోవడం కష్టం.

చోటొక్కటే కాదు, రకం, దశ, వయసు కూడా చూడాలి. చర్మం మీద వచ్చేవి చాలావరకు మెల్లగా నడుస్తాయి. అదే చర్మం మీద, ముసలివాళ్ళకి మోకాళ్ళ కింద వచ్చే ఒక రకం మాత్రం మొండిది.

చినతాతకి వచ్చే నెల విశాఖలో మళ్ళీ ఎండోస్కోపీ. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదన్నారని ఇప్పట్నుంచే గొణుగుతున్నాడు. పనసకాయ కూర మాత్రం ఈ రాత్రికే.

మీ తాతయ్య