బండికి నీ మీద కోపం లేదు

పర్లాకిమిడి,
మాఘమాసం.

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, ఫోనులో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేదని అలిగావట. నాన్న కూర్చుంటే మెత్తగా ఊగే నాలుగు చక్రాల బైకు, నువ్వెక్కితే రాయిలా బిగుసుకుపోతోందన్నావు. దానికి నీ మీద కోపమేమో కనుక్కోమన్నావు. ఇలాంటివి ఫోనులో చెబితే సగంలో బుజ్జి లాక్కుంటాడు, మిగతా సగం సిగ్నల్ మింగేస్తుంది. అందుకే కాగితం తీశాను. బుజ్జీ, నువ్వు కూడా చదువు. అక్క ఎదిగిపోయాక ఆ బండి వచ్చేది నీకే.

ముందు మీ నాన్నకు ఒక మాట. పిల్లల బండి మీద పెద్దవాళ్ళు కూర్చోకూడదు. ఎంత బరువు వరకు మోస్తుందో బండి మీదే అంటించి ఉంటుంది, చదవమనండి. ఇద్దరు ఎక్కడం కూడా కుదరదు.

ఇక నీ ప్రశ్న. మన పెరట్లోని నులక మంచం గుర్తుంది కదా. సంక్రాంతికి మీరు వచ్చేముందే కొత్త నులక అల్లించి, కాళ్ళవైపు తాడు లాగి బిగించాను. మీరిద్దరూ దాని మీద పడుకుని ఇది మంచం కాదు బల్ల అని నవ్వారు. అదే మంచం మీద నేను వాలితే నడుము దగ్గర గుంట పడి హాయిగా ఉంది. కోళ్ళు అవే, పట్టెలు అవే, నులక అదే. మారింది బరువు. నా బరువుకు బిగించిన మంచం మీకు లొంగలేదు.

మీ బండీ అంతే. ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు స్ప్రింగులున్నాయి. నీ బరువు 22 కిలోలు. సమానంగా పంచారనుకున్నా ఒక్కోదానికి ఏడు కిలోల చిల్లర. సాధారణంగా ఇలాంటి బండ్లకు ఏడేళ్ళ పిల్లకూ పన్నెండేళ్ళ పిల్లాడికీ ఒకే స్ప్రింగు వేసి అమ్ముతారు. పెద్దవాడికి తగ్గట్టు వేస్తే చిన్నదానికి గట్టి. తప్పు నీది కాదు, బండిదీ కాదు.

మెత్తగా చేయవచ్చు. కానీ ఏది ముందు, ఏది తరవాత అన్నది ముఖ్యం. మొదట కొలవండి. చక్రాలు గాల్లో వేలాడేలా నాన్న చేత బండిని ఎత్తి నిలబెట్టించి, చక్రం ఇరుసు నుంచి దానికి సరిగ్గా పైనున్న మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టండి. తరవాత బండిని నేల మీదికి దించి, నువ్వు హెల్మెట్ పెట్టుకుని ఎక్కి, కాళ్ళు పైన పెట్టుకుని కూర్చో. బుజ్జి మళ్ళీ టేపు పట్టాలి. రెండు కొలతల మధ్య తేడాయే కుంగిన దూరం. చక్రం మొత్తం కదలగలిగే దూరంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కుంగితే సరైన లెక్క. అంటే మొత్తం 60 మిల్లీమీటర్లు కదులుతుందనుకుంటే, 15 నుంచి 20 మిల్లీమీటర్లు. మూడో నాలుగో మాత్రమే కుంగితే నులక మరీ బిగిసిందన్నమాట.

అప్పుడు కూడా స్ప్రింగు జోలికి పోవద్దు. టైర్లు చూడండి. అవి మంచం మీద పరిచిన బొంతలాంటివి. ఆ లావు టైర్లకు చదరపు అంగుళానికి 3 నుంచి 5 పౌండ్ల గాలి చాలు. కారు టైరుకు 30 పైమాటే. పంక్చర్ షాపువాడు అలవాటు చొప్పున పైపు తగిలించి రెండు సార్లు బుస్సుమనిపిస్తే బొంత కాస్తా బండ అవుతుంది. కారు గేజీలో 3 పౌండ్లకు ముల్లు సరిగ్గా లేవను కూడా లేవదు. తక్కువ గాలి కొలిచే గేజీ వేరే దొరుకుతుంది, అది కొనమనండి. టైరు పక్కన అచ్చువేసిన అంకెకు మించి నింపకండి, బండి పుస్తకంలో చెప్పినదానికన్నా తగ్గించకండి. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్మును వదిలేస్తుంది. గాలి సరిచేస్తే సగం తగాదా అక్కడే తీరిపోవడం చాలాసార్లు చూశాను. బతుకంతా స్పానర్లు పట్టినవాణ్ణి కదా.

తరవాత బుష్షులు, అంటే బోల్టు చుట్టూ తొడిగే చిన్న గొట్టాలు. చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చేయి, బండికి అతికే చోట ఒక బోల్టు మీద ఆడుతుంది. షాకు, అంటే స్ప్రింగు బిగించి ఉండే కడ్డీ, విప్పేసి ఆ చేతిని పైకీ కిందికీ ఆడిస్తే కిర్రుమనకుండా కదలాలి. ఎవరో బోల్టును శక్తికొద్దీ బిగించేసి ఉంటారు, లేదా లోపలి గ్రీజు ఎండి, ఎర్రమట్టి కలిసి, గోకితే పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు తప్పు స్ప్రింగుది కానే కాదు. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టాలి. ఆ పని బుజ్జికి నచ్చుతుంది. చొక్కా మాత్రం పాతది వేసుకోమనండి.

ఇప్పుడు షాకు. స్ప్రింగు ఒక అంచున మెట్లు మెట్లుగా కోసిన రింగు ఒకటి ఉంటుంది. దాన్ని పై మెట్టుకు తిప్పి ఉంచితే స్ప్రింగు ముందే నొక్కుకుని కూర్చుంటుంది. బండి బరువూ నీ బరువూ కలిసి మీద పడినా కదలనని భీష్మించుకుంటుంది. కింది మెట్టుకు దించితే కాస్త త్వరగా కదలడం మొదలుపెడుతుంది. అంతవరకే. ఎంత బరువుకు ఎంత కుంగాలన్న లెక్క మారదు. మంచానికైతే తాడు సడలిస్తే మంచమే మెత్తబడుతుంది. ఇక్కడ నా మంచం కొంచెం కుంటుతోంది, సర్దుకోండి.

ఏ మిస్త్రీ అయినా స్ప్రింగులో రెండు చుట్లు కోసేస్తే మెత్తబడుతుందంటే, దండం పెట్టి బండి వెనక్కి తెచ్చుకోండి. బరువు పడినప్పుడు ప్రతి చుట్టూ తన వంతు కొంచెం మెలి తిరిగి లొంగుతుంది. పది చుట్లు కలిసి 20 మిల్లీమీటర్లు లొంగే బరువుకు ఎనిమిది చుట్లు 16 మాత్రమే లొంగుతాయి. కోస్తే ఇంకా గట్టిపడుతుంది, పైగా బండి ఎత్తు తగ్గుతుంది. అదే నులకను చిన్న పీటకు అల్లి కూర్చుంటే మంచమంత లొంగుతుందా? పొడుగు తాడుకే సాగే ఓపిక.

మెత్తదనం కావాలంటే స్ప్రింగే మార్చాలి. పొడవూ చుట్లూ చుట్ల వెడల్పూ అవే ఉంచి, 8 మిల్లీమీటర్ల తీగకు బదులు 7 మిల్లీమీటర్ల తీగ వేస్తే గట్టిదనం 40 శాతానికి పైగా తగ్గిపోతుంది. ఒక్క మిల్లీమీటరుకు అంతా అని నోరు తెరవకండి. స్ప్రింగుల లెక్కకు పునాది వేసిన రాబర్ట్ హుక్ బరువు ఎన్ని రెట్లయితే స్ప్రింగు అన్ని రెట్లు లొంగుతుందన్న తన సూత్రాన్ని 1678లో అచ్చువేశాడు. పై తరగతుల్లో మాస్టారు దాన్ని బోర్డు మీద రాస్తారు. ఆ రోజు నిద్రపోకండి, నాకు అది చాలు. ముందు రెండు స్ప్రింగులూ జతగానే మార్చించండి.

ఇంకొకటి. మంచం మీద గెంతితే ఏమవుతుంది? అది మిమ్మల్ని మళ్ళీ పైకి విసురుతుంది. నాన్నమ్మ వచ్చి చేయి పట్టుకుంటేగానీ ఆగరు. స్ప్రింగుదీ అదే గుణం. మంచి షాకులో లోపల నూనె ఉంటుంది, అదే నాన్నమ్మ. సన్నటి రంధ్రాల గుండా ఆ నూనె కష్టపడి దూరుతుంటే ఊపు చస్తుంది. చవక షాకుల్లో నూనె ఉండదు, ఉత్త స్ప్రింగే. బండిని చేత్తో నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలబడితే నూనె ఉన్నట్టు. రెండు మూడు సార్లు గెంతితే లేనట్టు, అలాంటిదానికి మెత్తటి స్ప్రింగు వేస్తే గతుకులో పిల్లను విసిరేస్తుంది. అప్పుడు స్ప్రింగు కాదు, షాకు మొత్తం మార్చాలి.

ఇక మంచాన్ని ఇక్కడ దించుతాను, చాలా దూరం మోశాను. షాకు కింది కొసను ఆ ఇనుప చేయి మీద లోపలికి జరిపి వెల్డింగు చేయిస్తే కూడా మెత్తబడుతుంది. సగం దూరానికి జరిపితే చక్రం దగ్గర గట్టిదనం నాలుగో వంతుకు పడిపోతుంది. లెక్క సరైనదే. కానీ అతుకు వేసిన చోట ఇనుము ఎక్కువ బలం మోయాలి. ఆ బలానికి దాన్ని చేయలేదు. పిల్లలెక్కే బండికి అతుకులు వద్దంటాను.

నా చిన్నప్పుడు మాకు స్ప్రింగుల గొడవే లేదు. సెలవులొస్తే ఇక్కడ రైలెక్కి గుణుపురం వెళ్ళేవాళ్ళం. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచే బుల్లి పొగబండి. నౌపడా నుంచి మన ఊరి దాకా 1900లో, గుణుపురం దాకా 1931లో వేసిన దారి అది. కాశీనగర్ దాటాక మా అన్నయ్య కిటికీలోంచి తల పెట్టి, బొగ్గు నలుసు కంట్లో పడి ఏడ్చేవాడు. స్టేషన్ దగ్గర అమ్మమ్మ పంపిన ఎడ్లబండి కాచుకుని ఉండేది. ఇరుసు మీద నేరుగా చట్రం, మధ్యలో ఏమీ లేదు. వరిగడ్డి పరిచి దాని మీద దుప్పటి వేసినా ఎముకలు కదిలిపోయేవి. రాళ్ళ దారి రాగానే బండి తోలే పెద్దాయన లేవండిరా అని కేకేసేవాడు. మేం లేచి, గుంజ పట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడేవాళ్ళం. బండి ఎంత ఎగిరినా మా తలలు కదిలేవి కావు.

నువ్వూ అలాగే చెయ్యి, చిన్నీ. మడిగట్టు వస్తోందనగానే సీటు మీద నుంచి కొంచెం లే, మోకాళ్ళు వంచు, హ్యాండిల్ వదలకు. నీ కాళ్ళకన్నా మంచి షాకులు ఏ అంగడిలోనూ దొరకవు. కోత అయిన మడుల్లోనే తిప్పు, రోడ్డెక్కవద్దు. 2019లో చట్టం మార్చాక, పిల్లలు రోడ్డు మీద బండి నడిపి నేరం చేస్తే కన్నవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. మీ నాన్నను అంతపని చేయకండి, పాపం.

ఒక పని చెబుతాను. మండికి ధాన్యం లారీలు వస్తున్న రోజులివి. నాన్నతో కలిసి వెళ్ళి, డ్రైవరును అడిగి, కిందికి దూరకుండా పక్క నుంచే వంగి ఖాళీ లారీ వెనక చక్రం వెనకాల చూడండి. ఇరుసు మీద కమాను పట్టీల కట్ట ఒకటి, దాని పైన ఇంకో చిన్న కట్ట ఉంటాయి. ఆ చిన్న కట్ట చివరలు దేనికీ తగలకుండా గాల్లో ఉంటాయి. బస్తాలు ఎక్కుతున్నకొద్దీ లారీ కుంగి, ఆ సందు సన్నబడి, ఒక దశలో చిన్న కట్ట కూడా బరువుకు భుజం పడుతుంది. ఖాళీ లారీకి ఒక మెత్తదనం, నిండు లారీకి ఒక గట్టిదనం, రెండూ ఒకే బండిలో! ఇన్నేళ్ళయినా ఆ ఏర్పాటు చూస్తే నాకు ముచ్చటే. బస్తాలు ఎన్నో వరుసకు చేరేసరికి ఆ సందు మూసుకుపోతుందో చూసి నాకు రాయండి. నేనడిగితే మిస్త్రీలు తలా ఒక లెక్క చెబుతున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య.