రాణిగారికి పనేముంటుంది?

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"రాజు యుద్ధాలు చేస్తాడు, మంత్రి సలహాలు చెబుతాడు. మరి రాణికి పనేమిటి? నగలు పెట్టుకుని కూర్చోవడమేనా?" అని మొన్న ఫోనులో చిన్నది అడిగింది. ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

స్పెయిన్‌లో అప్పట్లో కాస్తీల్ అనే రాజ్యం ఉండేది. అక్కడి రాణి మరియా దె మొలీనా. 1282లో సాంచో అనే రాజకుమారుణ్ణి పెళ్లాడింది. ఆవిడా, సాంచో తండ్రీ అన్నదమ్ముల బిడ్డలు. అంటే మన లెక్కలో సాంచోకి ఆవిడ మేనత్త వరుస! క్రైస్తవుల మతపెద్ద పోపుగారు ఆ పెళ్లి చెల్లదన్నారు. 1284లో సాంచో రాజయ్యాడు, 1295లో పోయాడు. కొడుకు ఫెర్నాందోకి అప్పటికి తొమ్మిదేళ్లు. పెళ్లే చెల్లనప్పుడు పిల్లాడికి సింహాసనం ఎక్కడిదని దాయాదులు లేచారు. ఒక బాబాయి, కాస్తీల్‌తో కలిసి ఉన్న లియోన్ రాజ్యం నాదన్నాడు. పెదనాన్న కొడుకు కాస్తీల్ నాదన్నాడు. అతని వెనక పక్క రాజ్యమైన ఆరగాన్ రాజు సైన్యం. పడమటి నుంచి పోర్చుగల్, దక్షిణాన గ్రనాదా రాజ్యం.

మా చిన్నప్పుడు పెరట్లో దాలిగుంట ఉండేది. పిడకలు రాజేసి, పైన కాస్త ఊక చల్లి, పాలకుండ పెట్టేది మా నాయనమ్మ. మంట లేస్తే పాలు పొంగిపోతాయి, నిప్పు ఆరితే విరిగిపోతాయి. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, అరచెయ్యంత మందాన మీగడ కట్టేది. ఆ మీగడ కోసం నేనూ మా తమ్ముడూ గుంట చుట్టూ పిల్లుల్లా తిరిగేవాళ్లం. నాయనమ్మ వేరే పనులు చేసుకుంటున్నట్టే ఉండేది గానీ, కన్ను మాత్రం కుండ మీదే.

మరియా చేసింది అదే. తిండి సరుకుల మీద 'సిసా' అనే పన్ను తీసేసి ఒకవైపు ఊక చల్లింది. 1297లో అల్కాన్యీసెస్ అనే ఊళ్లో పోర్చుగల్ రాజుతో ఒప్పందం చేసుకుని, ఆయన కూతుర్ని కోడలిగా ఒప్పుకుని ఇంకోవైపు చల్లింది. ఆరగాన్ పిడక మాత్రం పొగ చిమ్ముతూనే ఉంది. వాయదొలీద్ ఊరివాళ్లు ఒకసారి ఆవిడ మొహానే కోటతలుపులు వేశారు. మగబిడ్డ పుడితే ఇంత, ఆడబిడ్డ పుడితే ఇంత పన్ను వేయబోతోందని ఎవరో పుకారు పుట్టించారట! ఆవిడ బయటే నిలబడి, నచ్చజెప్పి లోపలికి వెళ్లింది.

యుద్ధాల ఖర్చుకు వెండి సామానంతా పోయింది. తాగడానికి ఒక్క వెండి గిన్నె ఉంచుకుని మట్టి పాత్రల్లో తిన్నదని ఫెర్నాందో పాలన గురించి రాసిన చరిత్ర గ్రంథం చెబుతుంది. 1301లో పోపు ఎట్టకేలకు పెళ్లి చెల్లుతుందని పత్రం ఇచ్చాడు. ఫెర్నాందోకి పాలించే వయసొచ్చింది. రాగానే ఆ కొడుకు, చెప్పుడు మాటలు విని, అమ్మనే లెక్కలు అడిగాడు. ఆవిడ చూపించింది. ఖజానా సొమ్ము తినడం మాట అటుంచి, తన సొంత డబ్బు కూడా పోసిందని తేలింది. పిల్లలూ, చేసిన ఖర్చు రాసిపెట్టుకునే అలవాటు ఇప్పుడే చేసుకోండి. అమ్మకైనా అది అవసరం పడుతుందని చూశారుగా!

1312లో ఫెర్నాందో కూడా పోయాడు. మనవడికి ఏడాది దాటింది, అంతే. ముసలావిడ మళ్లీ దాలిగుంట దగ్గర కూర్చుంది. తోడుగా పాలించిన ఇద్దరు రాకుమారులూ 1319లో గ్రనాదా యుద్ధంలో ఒకే రోజు చనిపోయారు. 1321లో తను కన్నుమూసే ముందు మనవణ్ణి ఎవరికి అప్పజెప్పిందో తెలుసా? ఏ బంధువుకీ కాదు, వాయదొలీద్ ఊరి పెద్దలకి! ఒకప్పుడు తలుపులు మూసిన ఊరది. అంత నమ్మకం ఎలా కుదిరిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

చిన్నదానా, నీ అట్లాసు తీసి పోర్చుగల్‌కీ స్పెయిన్‌కీ మధ్య గీత మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించు. ఆ 1297 ఒప్పందంలో గీసుకున్న హద్దే చాలామటుకు ఇప్పటికీ అది. మిగతా దేశాల సరిహద్దులు ఎప్పుడు గీసినవో మీ నాన్నని అడిగి, ఆదివారం నాకు ఫోన్ చెయ్యి.

మీ
తాతయ్య