ఎస్‌టీటీ మిగిలింది, మాట మిగల్లేదు

షేర్ల లాభాలపై పన్ను గొడవ మళ్లీ మొదలైంది. చర్చంతా 12.5 శాతం ఎక్కువా తక్కువా అన్న చోటే తిరుగుతోంది. 2024 జూలై 23న దీర్ఘకాలిక లాభాలపై పన్ను 10 నుంచి 12.5కు, ఏడాదిలోపు అమ్మితే పడేది 15 నుంచి 20 శాతానికి పెరిగిన మాట నిజమే. మదుపరుల కడుపుమంట మాత్రం అంతకన్నా పాతది.

2004 జూలై బడ్జెట్‌లో నాటి ఆర్థిక మంత్రి చిదంబరం ఒక మాట ఇచ్చారు. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన షేర్లను ఏడాది దాటాక అమ్మితే లాభంపై పన్ను ఉండదు. దానికి బదులుగా కొన్నప్పుడూ అమ్మినప్పుడూ లావాదేవీ విలువపై చిన్న పన్ను కట్టాలి. అదే ఎస్‌టీటీ, అంటే సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్. లాభాల లెక్కలు వెతికే పని లేకుండా ఎక్స్ఛేంజీ దగ్గరే డబ్బు చేతికి రావడం సర్కారుకు సుఖం. ఓపిక పట్టిన మదుపరికి మినహాయింపు. ఈ ‘బదులుగా’ అన్న మాట మీదే అంతా ఆధారపడింది.

2018లో అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ ఈ లాభాలపై 10 శాతం పన్ను తిరిగి తెచ్చారు. మినహాయింపు పొందుతున్న లాభాలు సుమారు 3.67 లక్షల కోట్లనీ, అందులో ఎక్కువ భాగం కంపెనీలు, ఎల్‌ఎల్‌పీల (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల)దేననీ ఆయన వాదన. 2018 జనవరి 31 దాకా పెరిగిన విలువను పన్ను వేయకుండా వదిలేశారు కూడా. ఎస్‌టీటీని మాత్రం ముట్టుకోలేదు.

రిటైరయ్యాక దాచుకున్న 5 లక్షలు షేర్లలో పెట్టి, ఏడాది దాటాక 8 లక్షలకు అమ్మిన వ్యక్తినే తీసుకోండి. ఏడాదికి 1.25 లక్షల లాభం దాకా ఉన్న మినహాయింపు పోగా 1.75 లక్షలపై 12.5 శాతం, అంటే 21,875 రూపాయలు, పైన సెస్సు. ఇది కాక కొన్నప్పుడు 500, అమ్మినప్పుడు 800 ఎస్‌టీటీ. బ్రోకరేజీని లాభంలోంచి తీసేసుకోవచ్చు, ఎస్‌టీటీని తీసేసుకోనివ్వరు. అదే షేర్లు నష్టానికి అమ్ముకున్నా ఎస్‌టీటీ తప్పదు. లాభం మీద పన్ను న్యాయమే అనుకున్నా, నష్టపోయినవాడి దగ్గర ఈ వసూలేమిటన్న ప్రశ్నకు ఏ బడ్జెట్ ప్రసంగమూ సూటిగా జవాబివ్వలేదు.

ఎస్‌టీటీ ఈనాటికీ 2004 నాటి ఫైనాన్స్ (నెం.2) చట్టం కిందే వసూలవుతోంది. బదులుగా అదే చట్టం అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన సెక్షన్ 10(38), అంటే లాభాలపై మినహాయింపు, 2018 ఏప్రిల్ 1 నుంచి జరిగిన అమ్మకాలకు వర్తించదు.