ట్రేలో పెరిగే బట్ట: అపోహలు - వాస్తవాలు

మా ఇంట్లో మూడు తరాలు చిటికి (ఇక్కత్) చీరలు నేశారు. నేను మాత్రం మైక్రోబయాలజీ చదివి, ఆరేళ్లుగా నల్లగొండ శివారులో ఒక రేకుల షెడ్డులో బ్యాక్టీరియాతో సెల్యులోజ్, అంటే దూదిలో, కర్రలో ఉండే పీచు పదార్థం, పెంచుతున్నాను. మొదట్లో ఊరికి వెళ్తే "నీ బూజు బట్ట ఎందాక వచ్చింది?" అని నవ్వేవాళ్లు. బ్యాక్టీరియాతో బట్ట పెరుగుతుందని ఫోన్లలో వీడియోలు తిరగడం మొదలయ్యాక ప్రశ్న మారింది. "ఇగ పత్తి పని అయిపోయినట్టేనా?" అంటున్నారు. ఆ నవ్వూ సరికాదు, ఈ భయమూ సరికాదు. అందుకే నాకు ఎక్కువగా ఎదురయ్యే మాటలు తీసుకుని రాస్తున్నాను.

ముందు మా షెడ్డులో జరిగేది చెప్తాను. చల్లారిన తీపి టీ డికాక్షన్‌లో కాస్త వెనిగర్, పాత ట్రేలోంచి తీసిన తోడు కలిపి, వెడల్పాటి ట్రేలో పోసి, పల్చటి గుడ్డ కప్పి కదపకుండా వదిలేస్తాం. మూడో రోజుకు పాల మీద మీగడలా పొర కడుతుంది. రెండు వారాలకు అది వేలెడు మందం జారుడు దుప్పటి అవుతుంది. దాన్ని అల్లేది కొమగటైబ్యాక్టర్ జైలినస్ అనే బ్యాక్టీరియా. పాత పుస్తకాల్లో దీని పేరు అసిటోబ్యాక్టర్ జైలినం. ఇది కట్టే పొర సెల్యులోజే అని ఏ.జె. బ్రౌన్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1886లోనే రాశాడు. అంటే వీడియోల్లో చెప్పేంత కొత్త సంగతేమీ కాదు.

అపోహ: ఇది బూజు. ఒంటికి తగిలితే దురద పెడుతుంది.

బూజు వేరు, ఇది వేరు. ట్రే మీద ఆకుపచ్చగానో నల్లగానో నూగు కనిపిస్తే అదీ బూజు. అప్పుడు పైపైన గీకి దాచుకోవద్దు, ట్రే మొత్తం పారబోయాలి. మంచి పొరను మేము పలచటి కాస్టిక్ సోడా నీళ్లలో 90 డిగ్రీల దగ్గర గంటసేపు ఉడికిస్తాం. బ్యాక్టీరియా చచ్చి కరిగిపోతుంది, టీ రంగూ చాలావరకు దిగిపోతుంది. తర్వాత సోడా జాడ లేకుండా కడుగుతాం. చివరికి మిగిలేది సెల్యులోజ్, అంటే దూదిలో ఉండేదే. పచ్చి దూదికి మైనం, పెక్టిన్ లాంటివి అంటుకుని ఉంటాయి, దీనికి అవి కూడా ఉండవు. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి నీళ్లలో ఇదే పొరను పెంచి, ముక్కలు కోసి, చక్కెర పాకంలో వేసుకుని తింటారు. దాని పేరు నాటా డి కోకో. కాలిన గాయాలకు కట్టే పట్టీలూ దీనితో చేస్తారు.

వాసన సంగతంటారా, సరిగ్గా కడగకపోతే వెనిగర్ కంపు ఉంటుంది, నిజమే. మన పుట్టపాక తేలియా రుమాల్‌కు నూనె వాసన ఉంటుంది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి చేస్తారు మరి. దాన్ని రోగం అన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు!

అపోహ: బ్యాక్టీరియానే దారం తీస్తుంది కదా, కండెలకు చుట్టుకోవడమే.

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. మొదట్లో నేనూ పొరబడ్డాను. బ్యాక్టీరియా పోగు తీసే మాట నిజం. కానీ ఆ పోగు వెడల్పు 100 నానోమీటర్లు కూడా ఉండదు. పత్తి పీచు 10 నుంచి 20 మైక్రాన్లు. అంటే దూది పీచుకన్నా వంద రెట్లకు పైగా సన్నం. పైగా ఆ పోగులు వరసగా రావు. కోట్ల బ్యాక్టీరియా ఎటు పడితే అటు తిరుగుతూ అల్లేస్తుంది. ట్రేలోంచి మనకు చేతికొచ్చేది నూలు కాదు, చిక్కుపడ్డ చాప. దాని కొస ఎక్కడుందని పట్టుకుని లాగుతాం?

మొదటిసారి ఎండబెట్టిన పొరను మురిసిపోతూ తీసుకెళ్లి మా చిన్నాయిన చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగాడు: "బిడ్డా, గిది పడుగుకొస్తదా, పేకకొస్తదా?" నా దగ్గర జవాబు లేదు. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారం, అది గంజి తిని, సాగదీత ఓర్చుకుని, అటూ ఇటూ తిరిగే నాడె రాపిడికి నిలవాలి. అడ్డంగా వచ్చే పేకకు అంత శిక్ష లేదు. మగ్గం మీద కూర్చునే మనిషికి రావాల్సిన ప్రశ్నే అది. ల్యాబులో నన్ను ఎవరూ అలా అడగలేదు.

ఈ చాపను బట్ట చేయడానికి ఇప్పటికి మూడు దారులున్నాయి. మొదటిది, చాపను చాపగానే ఆరబెట్టి తోలు బదులు వాడుకోవడం. కేరళలో మలై అనే సంస్థ కొబ్బరి నీళ్లతో పెంచి సంచులకు, చెప్పులకు పనికొచ్చే సరుకు చేస్తోంది. మెక్సికోలో మామిడి వ్యర్థాలతో పెంచేవాళ్లున్నారు. అన్నిటికన్నా ముందుకు వెళ్లిన దారి ఇదే అని నా లెక్క, కానీ ఇందులో మగ్గానికి పని లేదు.

రెండోది, తడి పొరను సన్నటి పట్టీలుగా కోసి, సాగదీసి, పురి పెట్టి ఆరబెట్టడం. సాగదీసినప్పుడు అడ్డదిడ్డంగా ఉన్న పోగులు కొంత ఒకే దిక్కుకు తిరుగుతాయి, బలం పెరుగుతుంది. మేము చేసేది ఇదే. ఇబ్బందల్లా పొడవు ట్రే పొడవును మించదు, అతుకు పెట్టినచోట తెగుతుంది. చిన్నాయిన మగ్గం మీద పత్తి పడుగు వేసి, దీన్ని పేకగా రెండు జానల గుడ్డ నేశాం. అట్టలా పెళపెళలాడింది. టేబుల్ మీద పరుచుకోవడానికి బాగుంది, కట్టుకోవడానికి కాదు.

మూడోది, పొరను కరిగించి, సన్న రంధ్రాల గుండా తోసి కొత్తగా దారం తీయడం. విస్కోస్, లయోసెల్ అనే దారాలను కర్రగుజ్జుతో చేసే పద్ధతే, గుజ్జు బదులు ఇది వాడతారు. ఆస్ట్రేలియాకు చెందిన నానోలోస్ సంస్థ మన బిర్లా సెల్యులోజ్ కంపెనీతో కలిసి ఇలాగే లయోసెల్ దారం తీసింది. మిల్లుకు, మగ్గానికి వచ్చే దారం ఈ మూడో దారిలోనే ఉంది. అయితే కరిగించిన క్షణంలో బ్యాక్టీరియా అల్లిన ఆ సన్నటి అల్లిక మాయమైపోతుంది. స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. చివరికి దక్కేది చెట్టు నరకకుండా వచ్చిన లయోసెల్. అది చిన్న సంగతేం కాదు. కానీ "బ్యాక్టీరియా నేసిన దారం" అని దాని మీద చీటీ అంటిస్తే నేను ఒప్పుకోను.

ఏ ద్రావకంతో కరిగించారు అన్నది కూడా అడగండి. లయోసెల్‌లో ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టి వాడుకోవచ్చు. విస్కోస్‌లో వాడే కార్బన్ డైసల్ఫైడ్ పనివాళ్ల నరాలను దెబ్బతీసే విషం. మొదట్లో సూక్ష్మజీవి ఉన్నంత మాత్రాన చివరిదాకా అంతా పచ్చదనమేం కాదు.

అపోహ: ఇది ఉక్కుకన్నా గట్టిది.

ఒక్క నానో పోగును సూక్ష్మ పరికరం కింద వంచి కొలిస్తే లెక్కలు గొప్పగానే వస్తాయి. సోనీ కంపెనీ 1989లో తెచ్చిన హెడ్‌ఫోన్లలో డయాఫ్రం, అంటే అదురుతూ శబ్దం పుట్టించే పల్చటి పొర, ఈ సెల్యులోజ్‌తోనే చేసింది, అంత తేలిక, అంత బిగువు. కానీ చొక్కా ఒక్క పోగుతో కుట్టరు కదా. మొదటి ఏడాది నేను ఆరబెట్టిన పొర మడతపెట్టగానే అప్పడంలా విరిగింది. మెత్తబడటానికి గ్లిజరిన్ పట్టించాను. బ్రహ్మాండంగా ఉంది అనుకునేలోపు వానలో తడిసింది. గ్లిజరిన్ కడుక్కుపోయి, నీళ్లు తాగి ఉబ్బి మళ్లీ జెల్లీ అయింది. లండన్‌లో సుజాన్ లీ అనే డిజైనర్ ఇదే పదార్థంతో జాకెట్లు చేసి ప్రపంచానికి చూపించింది. వానలో వేసుకోలేమని ఆమే చెప్పింది. నేను ముందే విని ఉంటే ఒక ఏడాది మిగిలేది.

అపోహ: పత్తి సాగులా దీని తయారీకి నీళ్లు ఖర్చు కావు.

దీని మీద నాకు కాస్త కోపం కూడా ఉంది. ఒక పత్తి టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు అనే అంకె అందరి నోటా వినిపిస్తుంది. మన దేశంలో పత్తి సాగులో మూడింట రెండు వంతులు వానాధారం. మునుగోడు, దేవరకొండ వైపు చెలకల్లో పత్తి పెట్టే రైతు మబ్బు వైపు చూస్తాడు తప్ప కాలువ వైపు కాదు. ఎక్కడో కాలువ కింద పండే పంట లెక్క తెచ్చి ఆయన మీద రుద్దడం అన్యాయం.

ఇక మా నీళ్లు. ట్రేలో పొరలో 99 శాతం నీరే. పది కిలోల తడి పొర ఆరితే వంద గ్రాములు. ఉడికించడానికి నీళ్లు, సోడా పోయేదాకా మళ్లీ మళ్లీ కడగడానికి నీళ్లు. మన బోరు నీళ్ల ఉప్పు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది, అందుకని ఆర్‌వో నీళ్లు పోస్తాం, అందులో వృథా అయ్యేవి వేరే. సోడా నీళ్లను సరిచేయకుండా మోరీలోకి వదిలితే అదీ కాలుష్యమే.

కరెంటు మాట కూడా చెప్పాలి. ఈ బ్యాక్టీరియాకు 28 నుంచి 30 డిగ్రీలు హాయి. మే నెలలో నల్లగొండలో 44 దాటుతుంది. రేకుల షెడ్డును చల్లగా ఉంచడానికి ఏసీ నడిపిస్తే వచ్చే బిల్లు చూశాక పర్యావరణం గురించి మాట్లాడటానికి నాకే మొహం చెల్లలేదు. ఇప్పుడు వేసవిలో ట్రేలు సగానికి తగ్గిస్తాం.

అపోహ: పత్తి రైతు మునిగిపోతాడు.

లెక్క వేద్దాం. బ్యాక్టీరియాకు గాలి కావాలి, అందుకే పై పొరలోనే పెరుగుతుంది. ట్రే ఎంత లోతు చేసినా లాభం లేదు, వెడల్పు కావాలి. ఒక చదరపు మీటరు ట్రేలో రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు పోస్తే 25 లీటర్లు. మాకు లీటరుకు 4 గ్రాములు వస్తే మంచి ట్రే అంటాం. అంటే రెండు వారాలకు వంద గ్రాములు. క్వింటాలు పత్తి జిన్నింగ్ చేసి గింజలు తీస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది. అంత సెల్యులోజ్ నాకు రావాలంటే 340 ట్రేలు కావాలి. నా దగ్గర ఉన్నవి 22! పైగా పెట్టిన చక్కెరంతా పోగు కాదు, కొంత గ్లూకోనిక్ ఆమ్లంగా మారి వృథా అవుతుంది. ఆ చక్కెర కూడా ఏదో ఒక చేనులో పండిన చెరకే కదా.

అందుకే ఇది పోటీ పడేది ముందు తోలుతో, తర్వాత కర్రగుజ్జుతో. దూది దాకా రావడానికి చాలా దూరం ఉంది. నేతకారుల బతుకు మాటకొస్తే, మా అమ్మ భుజం నొప్పి తగ్గించింది ఏ కొత్త పీచూ కాదు, రంగు వేసే ముందు నూలును చుట్టే పనిని చేతికి తప్పించేలా చింతకింది మల్లేశం తయారు చేసిన ఆసు యంత్రం.

రంగులు పట్టవు అనేది వట్టి మాట. పత్తికి వేసే రియాక్టివ్ రంగులు దీనికీ పడతాయి. మట్టిలో కలిసిపోతుందన్నది నిజమే, పైన ప్లాస్టిక్ పూత వేయనంత వరకు. వాన తట్టుకోవాలని కొందరు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూస్తారు. కొనేముందు పూత ఏమిటని అడగండి.

చక్కెర ఖర్చు తగ్గించడానికి ఇప్పుడు బత్తాయి మీద పడ్డాను. గాలివానకు రాలినవి, మార్కెట్లో ఎవరూ ఎత్తనివి నల్లగొండలో కొదవ లేదు. రసం పిండి, మరిగించి, తొక్క నూనె కలవకుండా వడగట్టి మూడు ట్రేలు పెట్టాను. ఒకటి బూజు పట్టి పోయింది. రెండోది పొర కట్టలేదు. మూడో దాంట్లో ఆరో రోజుకు అరచేతి మందం కాదు గానీ, గోరు మందం పొర వచ్చింది, లేత పసుపు రంగులో. చిన్నాయినకు ఫోన్లో ఫొటో పంపాను. "ట్రే పొడుగు పెంచు, అతుకులు తగ్గుతయ్" అన్నాడు. ఎనిమిది అడుగుల ట్రేకు వెల్డర్‌కు కొలతలు ఇచ్చి వచ్చాను.